సుహాసిని గారి పేరిట పార్సెలు

మచిలీపట్నం,
ఆగస్టు 5.

గోపులంక పోస్టుమాస్టరు గారికి రిటైర్డు తెలుగు మాస్టారు వెంకటసుబ్రహ్మణ్యం నమస్కరించి రాయునది.

అయ్యా, మొన్న శనివారం మీ ఊరికి శ్రీమతి సుహాసిని గారి పేర ఒక పార్సెలు వేశాను. దయచేసి దాన్ని ఆపండి. అందులో ఆవిడ భర్త రాంప్రసాద్ ఫొటో ఉంది. ఫ్రేము కట్టించి, గంధపు దండ వేయించి, కింద జననం, మరణం తేదీలు రాయించాను. చిక్కేమిటంటే అతను బతికే ఉన్నాడు.

ఇందులో నా తప్పేమీ లేదు. మా స్కూలు పాత గుమాస్తా పున్నారావు ఒకటో తారీఖున గుడివాడ నుంచి ఫోన్ చేసి, "నిన్న రాంప్రసాద్ గారింట్లో పోయారండీ" అన్నాడు. అంతలో లైను తెగింది. నేను కూర్చుని ఏడ్చాను. తీరా నిన్న మా పక్కింటి ఇలియాస్ అవనిగడ్డ బస్టాండులో అతన్ని చూశాడట. విస్తరాకులు బేరమాడుతున్నాడట!

ఫోన్లో మాట్లాడితే మా ఆవిడ వింటుంది. అందుకని ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వండి.

ఇట్లు మీ విధేయుడు,
వెంకటసుబ్రహ్మణ్యం

తా.క.: ఫొటో పోతే పోయింది. దాని వెనక కవరులో ఒక ఉత్తరం ఉంది. అది గనక రాంప్రసాద్ చదివితే, ఆ మరణం తేదీ నాకు వేయించుకోవలసి వస్తుంది.


గోపులంక,
ఆగస్టు 6.

మాస్టారికి నమస్కారాలు.

నేను అయ్యను కాదండీ, నా పేరు ముబీనా. ఈ ఊరి పోస్టాఫీసు నేనే చూస్తాను.

రాంప్రసాద్ మాస్టారు బతికే ఉన్నారు. పోయింది సుహాసిని గారు. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్తే పదిరోజులకి పోయారు. పున్నారావు గారు సరిగ్గానే చెప్పారు. "ఇంట్లో" అంటే భార్య అని మా ఊళ్లో చదువు రానివాళ్లకి కూడా తెలుసు. మీరు తెలుగు మాస్టారినని రాశారు.

పార్సెలు వచ్చేసింది. ఆపాలంటే మీరు వేసిన చోటే రసీదు చూపించి అర్జీ పెట్టాలి. అక్కడి నుంచి నాకు కబురు రావాలి. రెండురోజులు చూస్తాను, త్వరగా కానివ్వండి.

ఉంటాను,
ముబీనా

తా.క.: ఇంట్లో ఉండలేక మాస్టారు రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చుంటున్నారు. పార్సెలు కాలితో బల్ల కిందకి నెట్టాను. గాజు గలగలమంది. "ఏమిటమ్మా అది?" అన్నారు. "ఏమీ లేదండీ" అన్నాను.


మచిలీపట్నం,
ఆగస్టు 6, సాయంత్రం.

అమ్మా ముబీనా, ఆశీస్సులు.

సుహాసిని నా చేతికి ఎన్నిసార్లు కాఫీ ఇచ్చిందో! ఆ తల్లికే ఆమె భర్త పోయాడని రాశాను. రసీదు చొక్కా జేబులో ఉండిపోయి ఉతుకులో ముద్దయింది.

నీకు నిజం చెప్పక తప్పదు. పన్నెండేళ్ల కిందట గుడివాడలో హెడ్మాస్టరు పదవికి ఇద్దరం పోటీలో ఉన్నాం. రాంప్రసాద్ పరీక్షల్లో చీటీలు అందిస్తున్నాడని పైవాళ్లకి ఆకాశరామన్న ఉత్తరం రాశాను. పచ్చి అబద్ధం. విచారణ అని ఏడాది తిప్పి, అతన్ని మీ దివిసీమకు పంపారు. పదవి నాకొచ్చింది. అతను వెళ్లే రోజున నేనే బస్సెక్కించాను.

పోయాడనుకున్నాక ధైర్యం వచ్చింది. చేసిందంతా భార్యకు రాసేశాను. బతికున్నవాడికి చెప్పే ధైర్యం నాకు లేదు తల్లీ. పార్సెలు తగలబెట్టెయ్యి.

ఇట్లు,
వెంకటసుబ్రహ్మణ్యం

తా.క.: అగ్గిపెట్టె కూడా డ్రైవరు చేతికిచ్చాను.


గోపులంక,
ఆగస్టు 7.

మాస్టారికి,

అగ్గిపెట్టె అందింది. పార్సెలు తగలబెడితే నా ఉద్యోగం పోతుంది.

నేను మీ ఉత్తరం చదువుతూ ఉండగానే రాంప్రసాద్ మాస్టారు కళ్లజోడు జారిందని బల్ల కిందకి వంగారు. పార్సెలు మీద భార్య పేరు చూశారు. "ఆవిడకేనా?" అని మెల్లిగా అడిగారు. ఇంక నేను అబద్ధం ఆడలేకపోయాను.

పార్సెలు విప్పి, ఫొటో చూసి నవ్వారు. వారం రోజుల్లో నవ్వడం ఇదే. "తేదీ సరిగ్గానే వేయించాడమ్మా, మనిషే మారాడు" అన్నారు. తర్వాత కవరు విప్పారు.

చదవడం అయ్యాక, నేను మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నారు.

"ముబీనా, ఆ ఆకాశరామన్న ఉత్తరం మధుసూదనరావు రాశాడని నమ్మాం" అన్నారు చివరికి.

మధుసూదనరావు గారు సుహాసిని గారి అన్నయ్య. అప్పట్లో విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా. అందులో రాసిన పరీక్ష డ్యూటీల వివరాలు ఆఫీసులో ఉన్న ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియవని ఆవిడ అనుకుందట. పన్నెండేళ్లు మాట్లాడలేదు. ఆస్పత్రికి ఆయన చూడ్డానికి వస్తే గోడవైపు తిరిగి పడుకుందట. "దహనం రోజున గేటు దగ్గర నిలబడి, 'ఒక్కసారి చూడనివ్వు బావా' అన్నాడు. నేనే తలుపేశాను" అని చెప్పి, అప్పుడు ఏడ్చారు.

నా ఫోన్ అడిగి తీసుకుని ఆయనకి కలిపారు. "బావా" అన్నారు. అవతల ఏమన్నారో నాకు వినబడలేదు. ఇద్దరూ ఏడుస్తున్నారని మాత్రం తెలిసింది. నేను బయటికెళ్లి నిలబడ్డాను.

పదో తేదీ శనివారం పెద్దకర్మ. రాంప్రసాద్ మాస్టారు మిమ్మల్ని తప్పకుండా రమ్మన్నారు. భోజనాల దగ్గర మధుసూదనరావు గారి పక్కన మిమ్మల్ని కూర్చోబెడతారట. ఆ ఉత్తరం ఎవరు రాశారో ఆయనకి మీరే చెప్పాలట.

ముబీనా

తా.క.: మీతో తను మాట్లాడనని కూడా రాయమన్నారు. వడ్డన మాత్రం తనే చేస్తారట.