చిక్కుడు పాదుకు ఎర్ర దారం

చెల్లీ,

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, పెరట్లో చిక్కుడు పాదు తప్ప.

అమ్మ పోయేముందు మనిద్దరికీ పంచిన విత్తనంతో వేసిన పాదే. చెట్లు ఆకులు రాల్చే రోజులు కదా, విత్తనానికని పన్నెండు కాయలు తీగ మీదే ఎండనిచ్చి, గుర్తుకు ఎర్ర దారం కట్టాను. నిన్న నేను బజారుకు వెళ్ళి వచ్చేలోపు మీ బావగారు పెరడు శుభ్రం చేస్తానని పాదంతా పీకి, రాలిన ఆకులతో కలిపి తగలబెట్టేశారు. "అవి విత్తనం కాయలండీ!" అని నెత్తి బాదుకున్నాను. "మొన్న గులాబీకి కొట్టేయాల్సిన కొమ్మలకు ఎర్ర దారం కట్టింది నువ్వే కదా? ఇవీ అంతే అనుకున్నా" అన్నారు. పైగా వెల్లుల్లి నాటడానికి మడి ఖాళీ అయిందని ఆయనకు సంబరం!

పాత గింజలన్నీ ఈ ఏడు వేసేశాను, ఇంట్లో ఒక్కటీ లేదు. ఇక ఆ విత్తనం మిగిలితే నీ దగ్గరే మిగలాలి. నీ పాదు ఇంకా ఉందా? ఏ పనీ వేళకు చెయ్యవని ఏటా తిట్టేదాన్ని, ఈసారికి చెయ్యకుండానే ఉండు తల్లీ. కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి, అప్పుడు కొయ్యి. నీడన ఆరబెట్టి కాగితం పొట్లంలో పంపు, ప్లాస్టిక్ సంచిలో అయితే బూజు పడుతుంది. సగం నువ్వు ఉంచుకో.

చిన్నదాని దగ్గు తగ్గిందా? పిల్లలకు నా ఆశీస్సులు. మరిదిగారిని అడిగానని చెప్పు, కానీ ఈ నెలంతా ఆయన్ని పెరట్లోకి మాత్రం పంపకు.

మీ అక్క