అరిగిన చెంపలు

తమ్ముడూ,

అమ్మవారికి ముక్కూ చెంపలూ అరిగిపోయాయనీ, ఇంత పాత గుడికి అది నామర్దా అనీ మీ కమిటీ కొత్త విగ్రహం చెక్కించిందట. ఆ ముఖం ఎందుకు అరిగిందో నీకు తెలియదూ? కష్టమొచ్చిన ఆడవాళ్ళంతా తరతరాలుగా ఆ చెంపలు నిమురుతూ గోడు చెప్పుకున్నారు. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అమ్మా నిమిరింది.

గుడి ఏ రాజు కట్టించాడో బోర్డు మీద రాయించుకో, నేను అడ్డుపడను. నాకు మాత్రం దాని చరిత్ర ఆ అరుగుదలే.

రోజూ గుడి తెరిచేది నేనే, తాళంచెవి నా దగ్గరే ఉంది. ఇవ్వను. "అక్కకి మతి పోయింది" అంటావు, అనుకో.

తాళం పగలగొట్టి లోపలికొస్తే, ముందు ఆ చెంప మీద చెయ్యి పెట్టు. అమ్మ చెయ్యి తగులుతుంది. అప్పుడు ఆ పాత విగ్రహాన్ని పెకలించు, చూస్తాను.

నీ అక్క