పది దాకా లెక్కపెట్టాలి

బావగారికి నమస్కారాలు.

మీరిచ్చిన కారు క్షేమం. మూడు రోజులుగా మీ ఫోన్ ఎత్తనందుకు మన్నించాలి. మీ చెల్లెలితో మాటామాటా పెరిగి, కారులో కూర్చుని రేడియో వింటూ బ్యాటరీ మొత్తం దించేశాను. కొత్తది వేయించాక అద్దాలు ఒక్క నొక్కుకి పైకి రావడం మానేశాయి. పాడుచేశాననుకుని మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను.

మెకానిక్ నవ్వాడు. "ఏం పోలేదండీ, కరెంటు పోయేసరికి ఎక్కడ ఆగాలో అద్దాలు మరిచిపోయాయంతే. అద్దం పూర్తిగా పైకెళ్లాక కూడా స్విచ్చి వదలకుండా పది లెక్కపెట్టండి. ఏ తలుపుకి ఆ తలుపే చేయాలి" అన్నాడు.

ఇంటికొచ్చి నా వైపుది చేస్తుంటే, ఆవిడ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. తన వైపు స్విచ్చి పట్టుకుని పైకే లెక్కపెట్టింది. మూడు రోజుల్లో ఆవిడ నోట నాకు వినిపించిన మొదటి మాటలు ఆ అంకెలే.

పది కాగానే నేను "పదకొండు" అన్నాను. నవ్వేసింది.

ఆదివారం కారు తెచ్చిస్తాం. ఇద్దరం.

మీ బావ