జెట్టీకి వేసిన సున్నం

ఓడరేవు మరమ్మతుల కచేరీలో జీవాల పరీక్ష చూసే లల్లా సిహామ్ గారికి, లుక్కోస్ నది మొగ దగ్గరి జాలర్ల పెద్ద హాజ్ బుశ్తా సలాం. మీరంతా క్షేమమని తలుస్తాను. మేం కాదు.

మా జెట్టీ కొస ఈ చలికాలం తుఫానుకి కొట్టుకుపోయింది. అలలు నేరుగా మొగలోకి వచ్చేస్తున్నాయి. మా తమ్ముడు అయ్యాద్ పడవ అక్కడే తిరగబడి ముక్కలైంది. వాడు కాలు విరగ్గొట్టుకుని బతికాడు. రాళ్లు పంపండి మహాప్రభో అంటే, ముందు బురదలో ఏ జీవాలున్నాయో చూడాలని మీ కచేరీ రాసింది. రండి, చూడండి. వచ్చే చలికాలంలోపు జెట్టీ లేచేదాకా మిమ్మల్ని వదిలేది లేదు.

ఇట్లు,
మొండివాడు హాజ్ బుశ్తా

తా.క.: పురుగుల్ని చూసేవాళ్లు టీలో చక్కెర వేసుకుంటారా?

*

హాజ్ బుశ్తా గారికి సలాం.

నిన్న వచ్చి చూశాను. జెట్టీ రాళ్లన్నిటికీ సున్నం. ఒడ్డు బురదంతా ఊడ్చి చదును. పాచిగడ్డి పరక లేదు. పాముచేప పిల్లలు పెరిగేదే ఆ గడ్డిలో! ఉన్నది ఉన్నట్టు చూడందే నేను సంతకం పెట్టను. గడ్డి మొలవాలి, జీవాలు తిరిగి రావాలి. నెలాగి మళ్లీ వస్తాను.

ఇట్లు,
సిహామ్

తా.క.: సున్నం పూసుకున్న పీత ఒకటి నా బూటు మీంచి నడిచి వెళ్లింది. ఏ జాతిలో రాయాలో తెలియక వదిలేశాను.

*

లల్లా సిహామ్ గారికి సలాం, కొంచెం కోపంతో.

అధికారి వస్తుంటే వెల్ల వేయని ఊరు ఈ తీరాన ఉందా? బురద ఊడ్చి మా ఆవిడ రహ్మాకి నడుం పట్టేసింది. ఆ కష్టం మీ కంటికి ఆనలేదు! సరే, జీవాలు తిరిగి రావాలన్నారు. అవి వచ్చేదాకా ఆగే ఓపిక లేక మేమే తెచ్చేశాం. సంతలో బతికున్న పాముచేపలన్నీ కొని నదిలో వదిలాం. ఫ్లెమింగోలకు పొద్దున్నే రొట్టె వేస్తున్నాం. ఇక సంతకం పెట్టేయండి.

ఇట్లు,
తగ్గని హాజ్ బుశ్తా

తా.క.: పక్కింటి బాతులు కూడా మా మాట వింటాయి. తక్కువైతే కలుపుకోండి.

*

బుశ్తా బాబాయ్‌కి (పరాయివాళ్లను ఇంతగా తిట్టుకోలేను, అందుకే వరస కలిపాను),

మీ ఒడ్డున నేను తీసిన ఫ్లెమింగోల ఫోటోలు చూసి మా పై అధికారి మురిసిపోయాడు. "ఇంత కళకళలాడే చోట యంత్రాలా? వద్దే వద్దు," అని మీ జెట్టీ పని ఆపేశాడు! అవన్నీ మీరు పిలిచిన చుట్టాలని చెప్పి, పోట్లాడి, ఇంకొక్క అవకాశం తెచ్చాను. ఊడ్చకండి, మేపకండి, తేకండి. ఊరికే కూర్చోండి.

ఇట్లు,
సిహామ్

తా.క.: ఒడ్డున కనబడ్డ తాబేలు మెడకు ఎర్ర రిబ్బను ఉంది. దాని ఇంటివాళ్లు వెతుక్కుంటూ ఉంటారు.

*

అమ్మాయ్ సిహామ్,

ఊరికే కూర్చోవడం నువ్వు చెప్పినంత తేలిక కాదు. కర్ర పట్టుకుని ఒడ్డున కాపలా ఉన్నాను. చీపురుతో వచ్చిన రహ్మాని కూడా తరిమాను. ఆ పూట నాకు భోజనం లేదు. గడ్డి దానంతటదే లేస్తోంది. నిజం చెప్పొద్దూ, చూస్తుంటే బాగానే ఉంది. కానీ నిన్న మొగలో ఇంకో పడవ మునగబోయి బయటపడింది. త్వరపడు తల్లీ.

ఇట్లు,
ఖాళీగా ఉన్న బాబాయ్

తా.క.: ఏ పనీ చేయకపోవడంలో నేను పుట్టు పండితుణ్ణని రాయమంది మీ పిన్ని.

*

బాబాయ్, గెలిచాం!

గడ్డి వచ్చింది, పాముచేప పిల్లలు వచ్చాయి, సంతకం పెట్టాను. వాటికి దెబ్బ తగలకుండా పని ఎలా చేయాలో కూడా రాసిచ్చాను. సోమవారం క్రేను వస్తుంది. ఒకటే షరతు: జెట్టీ మీద పక్షి గుడ్లు పెడితే ఆ చోట పని ఆపాలి. నేను చూసినప్పుడు ఒక్కటీ లేదు. నెలాఖరుకి నేనూ వస్తాను.

ఇట్లు,
సిహామ్

తా.క.: దేనికీ సున్నం వేయకండి.

*

అమ్మాయ్ సిహామ్,

క్రేను వచ్చింది. ఆపేశాం. తిట్టకు, మొత్తం విను.

తెగిన కొస దగ్గర, మేం సున్నం వేసిన రాళ్ల మధ్య, తెల్లటి చిన్న సముద్రపక్షి గుడ్లు పెట్టింది. తెల్లగా ఉంటే గవ్వల తిన్నె అనుకుందో ఏమో! నేను చూసీ చూడనట్టు ఊరుకుందామనుకున్నాను. ఇన్నాళ్ల కష్టం కదా, అబద్ధమెందుకు. అప్పుడు కుంటుకుంటూ వెళ్లి క్రేనుకి అడ్డంగా నిలబడింది ఎవరనుకున్నావ్? అయ్యాద్! "నా పడవ పగిలిన రోజు ఆ అలకి అడ్డం నిలబడేవాడు లేడన్నా. దీని ఇంటికి నేనున్నాను," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

పిల్లలు ఎగిరేదాకా కొస ముట్టుకోం. ఒడ్డు వైపు నుంచి రాళ్లు పేర్పిస్తున్నాను. చలికాలంలోపు జెట్టీ లేచి తీరుతుంది. లేవకపోతే నన్నడుగు.

ఇట్లు,
మీ మొండి బాబాయ్

తా.క.: నిన్న శుక్రవారం, క్రేనుకి సెలవు. నువ్వొస్తున్నావని రహ్మా దానికి సున్నం వేసేసింది. పొద్దుటినుంచి అలాంటిదే ఇంకో పక్షి దానిమీద వాలి అటూ ఇటూ చూస్తోంది. నువ్వు త్వరగా రా.