కిలోకు తొంభై ఒకటి

నిజాంపేట,
ఆదివారం.

చిరంజీవి సౌజన్యను దీవించి నాన్న రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాము. అక్కడ పూణేలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఈ ముక్క రాయాలి కాబట్టి రాశాను గానీ, నాలుగు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. జబ్బేమీ కాదు, కోపం. మీ అమ్మ పలకరిస్తే ఆమె మీద కూడా అరుస్తున్నాను. ఫోన్ చేస్తే నీ మీదా అరుస్తాను, నువ్వు "సరే నాన్నా, మీటింగ్ ఉంది" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను. దీన్ని చివరిదాకా చదువు.

నీ ఉత్తరం పోయిన శుక్రవారం అందింది. రోజూ ఫోన్‌లో మాట్లాడే పిల్ల చేత్తో ఉత్తరం రాయడమేమిటని మీ అమ్మ కంగారు పడింది. నేనూ ఆశ్చర్యపోయాను. ఎందుకు రాశావో ఇప్పుడు అర్థమయింది. ఆ సంగతికి వస్తాను, ముందు నువ్వడిగినవి చెప్పనీ.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. ఎక్కడం పరవాలేదు, దిగేటప్పుడే గోడ పట్టుకుంటోంది. లిఫ్టు పాడై వారమయింది. అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్లకు చెప్పి చెప్పి నా గొంతు పోయింది. దాని మీదా కోపమే, కాకపోతే అది చిన్న కోపం.

మీ కంపెనీ కారును ఇక్కడ జనం ఎలా చూస్తున్నారని అడిగావు. బాగానే చూస్తున్నారు. హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండ్లవాళ్లు అద్దం దించి "పొగ రాదా సార్?" అంటారు. వెనక గొట్టంలోంచి నీళ్లు చుక్కలుగా పడుతుంటే ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటారు. హైడ్రోజన్‌ను కిలోల్లెక్కన నింపుతారంటే మొదట్లో నాకూ నవ్వొచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లు మియాపూర్ డిపోలో బస్సు నడిపినవాణ్ని, డీజిలంటే లీటర్లేగా తెలిసింది! కానీ ఆ కారు మంచిది సౌజన్యా. చప్పుడు లేదు, కుదుపు లేదు. ఇంత కోపంలోనూ ఆ మాట కాదనను.

నా ఫొటో బోర్డు మీద పెట్టారా అని అడిగావు. పెట్టారు! రాయదుర్గం మెట్రో స్టేషన్ ఎదురుగా, మూడంతస్తుల ఎత్తున పెట్టారు. బుధవారం పొద్దున చూశాను. స్టీరింగ్ పట్టుకుని పళ్లికిలిస్తున్న నా మొహం, దాని పక్కన నా తలకంటే పెద్ద అక్షరాలతో "కిలోకు 112 కిలోమీటర్లు". కింద "ముప్ఫై ఏళ్ల అనుభవం చెప్పిన నిజం" అని. నేనెవరికి చెప్పానట ఆ నిజం?

మీ కారు కిలోకు ఎంత దూరం పోతుందో చూసే ట్రయల్‌లో నడిపింది ముగ్గురం. మిగతా ఇద్దరిలో ఒకడికి ఎనభై ఆరు వచ్చింది, ఇంకొకడికి ఎనభై ఎనిమిది. నా నాలుగు రోజుల్లో కూడా మొదటి రోజు తొంభై ఒకటే. ఇవన్నీ ఏ గంగలో కలిపారు? నేరుగా మీ ట్రయల్ ఆఫీసుకు పోయి ఉదయ్ భాస్కర్‌ను నిలబెట్టి అడిగాను. మీ ఆఫీసర్ ఎంత మర్యాదస్తుడో నీకు తెలుసుగా. కుర్చీ వేసి, నీళ్లిచ్చి, "ఓబులేసు గారూ, అబద్ధమేమీ వేయలేదు కదండీ. మీకు వచ్చిందే వేశామండీ. కారుకు అంత చేతనవుతుందని మీరే చూపించారు" అన్నాడు. ఆ నీళ్లు తాగి లేచాను. ఆ గదిలోంచి బయటికొచ్చాక లిఫ్టు దగ్గర నిలబడి తిట్టాను, అది వేరే సంగతి.

నర్సింహ నీకు గుర్తున్నాడా? డిపోలో నాతో పాటు డ్రైవర్‌గా చేసి, ఆ తర్వాత సొంతానికి డీజిల్ కారు కొనుక్కుని ఐటీ ఆఫీసుల ట్రిప్పులు కొడుతున్నాడు. నువ్వు చిన్నప్పుడు వాడి భుజాలెక్కి డిపో అంతా తిరిగావు. మీ కంపెనీ నెలాఖరులోగా నలభై మంది క్యాబ్ డ్రైవర్లకు ఈ కార్లు లీజుకిస్తుందటగా, అందులో మొదటి పేరు వాడిదే. రేపు సోమవారం డీజిల్ కారు అమ్మేసి సంతకం పెట్టాలి. వారం రోజులు నడిపి చూడమని వాడికొక కారిచ్చారు. ఎంత తిప్పలు పడ్డా ఎనభై నాలుగు దాటలేదు. ఉదయ్ భాస్కర్ ఏమన్నాడో తెలుసా? "నీ కాలు బరువయ్యా, ఓబులేసు గారి దగ్గర నేర్చుకో" అన్నాడట.

గురువారం మా మెట్లమీద కూర్చుని ఉన్నాడు నర్సింహ. యాభై ఏళ్ల మనిషి, బడిలో తప్పిన పిల్లాడి మొహం పెట్టుకుని. "అన్నా, జర నేర్పు. నీ చేతికి నూటపన్నెండు ఇచ్చిన బండి నాకెందుకు ఇస్తలేదు? మొన్న జీడిమెట్లకు గ్యాసు నింపుకోను పోతుంటే బాలానగర్ కాడనే అయిపోయింది. వెనక మేడమ్ ఉన్నది, ఆమెకు ఆఫీసు లేటయింది. రేటింగు కోసేసింది అన్నా" అన్నాడు. ఊరు మొత్తానికి ఆ గ్యాసు నింపేది ఒక్క జీడిమెట్లలోనే పెట్టి, నూటపన్నెండు వస్తుందని నమ్మించి వాణ్ని రోడ్డు మీదికి తోలారు.

రెండు రోజులు వాడి పక్కన కూర్చుని నేర్పాను. సిగ్నల్ దూరంలో ఉండగానే కాలు తీసెయ్యమన్నాను, ఫ్లైఓవర్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టొద్దన్నాను. ఎనభై తొమ్మిది వచ్చింది. అంతకు మించి రాదు. వాడు చటుక్కున నా మొహం చూసి, "అన్నా, నువ్వు ఏసీ ఏసుకొనే తెచ్చినవా?" అన్నాడు.

అవునన్నాను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్నకు వస్తున్నాను. ఉత్తరం అడుగున, సంతకానికి పైన, చిన్న అక్షరాలతో రాశావు. "నాన్నా, ఆ మూడు రోజులు కారులో ఏసీ సరిగా పనిచేసిందా?" అని. పనిచేసింది తల్లీ. నేనే ఆపాను.

ఇరవై నాలుగు డిగ్రీల మీద ఏసీ పెట్టి నడపాలని రూలు. మొదటి రోజు రూలు ప్రకారమే నడిపాను. తొంభై ఒకటి రాగానే ఉదయ్ భాస్కర్ అందరి ముందూ నవ్వి, "పోనీలెండి, బస్సులు తిప్పిన చెయ్యి కదండీ, ఇంతే వస్తుంది" అన్నాడు. మిగతా ఇద్దరికంటే ఎక్కువ తెచ్చినవాణ్ని ఆ మాటన్నాడు! డిపో గేటు పక్కన నోటీసు బోర్డు మీద ఎవరు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారో పేర్లతో సహా రాసేవారు, గుర్తుందా? నా పేరు పైనుంటే నువ్వు అమ్మకు వినపడేలా గట్టిగా చదివేదానివి. ఆ గోదాలో ముప్ఫై ఏళ్లు నెగ్గినవాణ్ని, ఒక నవ్వుకు ఓడిపోయాను. పైగా ఆ ఉద్యోగం నీ మాట మీద వచ్చింది. మా నాన్న నడిపితే చూడండి అని నువ్వు చెప్పావని తెలుసు.

రెండో రోజు నుంచి గేటు దాటగానే ఏసీ ఆపేశాను. ఎవరైనా చూస్తారని అద్దాలు కూడా దించలేదు. మే నెల ఎండ. కారు కింద నీళ్లు కారాయి, కారులో నేను కారాను. లాగ్ పుస్తకంలో ఏసీ గడిలో "ఆన్" అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. మూడు రోజులూ. ఇంటికొస్తే మీ అమ్మ "యాడ తిరిగినావు ఈ ఎండలో? చొక్కా మీద ఉప్పు తేలిందే" అంది. నడక మొదలుపెట్టానని చెప్పాను. మంచిదేలే అని మజ్జిగిచ్చింది పాపం.

ఉదయ్ భాస్కర్ మీద నాకింకా కోపమే. పెద్ద అంకె కనపడగానే మిగతావన్నీ మూసిపెట్టినవాడు ఇంజనీరెలా అవుతాడు? కానీ ఆ అంకె వాడి చేతిలో పెట్టింది నేను. నీ మీదా కోపమే. కారు కంప్యూటర్‌లో ఏసీ ఎంత లాగిందో పడుతుందట కదా, నర్సింహ చెప్పాడు. అంటే నీకు తెలుసు. తెలిసే అడిగావు. ఫోన్‌లో అడిగితే నా గొంతు వినాల్సి వస్తుందని కాగితం మీద అడిగావు. నిజం బయటికొస్తే నాన్న పరువు పోతుందని, ట్రయల్ లెక్కలు చూసే నువ్వే రిపోర్టు కింద సంతకం పెట్టి ఊరుకున్నావు. నా పరువును నువ్వు కాపాడేదేమిటే? బోర్డుకెక్కిన నా పరువు కింద నర్సింహ నలిగిపోతున్నాడు, ఆ వెనక ఇంకా ముప్ఫై తొమ్మిది మంది ఉన్నారు. నిన్ను ఇలా పెంచలేదు అని రాద్దామనుకున్నాను. పెంచింది నేనే కాబట్టి రాయలేకపోతున్నాను.

ఈ పొద్దున మియాపూర్‌లో టీ కొట్టు దగ్గరికి నర్సింహను పిలిచి చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను, కాలర్ పట్టుకుంటాడనుకున్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి తన కాళ్లవైపు చూసుకున్నాడు. "నా కాలే కరాబైందనుకున్న అన్నా. ఇంట్ల ఆమెతోని గూడ గదే చెప్పిన" అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. టీ ముట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రేపు డీజిల్ కారు అమ్మడం లేదని వాడి కొడుకు ఇందాక ఫోన్ చేసి చెప్పాడు. నర్సింహ మాత్రం నాతో మాట్లాడలేదు.

ఇక నువ్వు చేయాల్సింది. నా మూడు రోజులూ కొట్టెయ్. ఎందుకు కొట్టేశావంటే ఈ ఉత్తరం చూపించు. అందుకే ఫొటో తీసి పంపకుండా సంతకం పెట్టిన కాగితం పంపుతున్నాను, ఫైలులో పెట్టు. రేపు పొద్దున కొరియర్‌లో వేసి, రెండో ప్రతి పట్టుకుని ఉదయ్ భాస్కర్ దగ్గరికి పోతాను. బోర్డు దించేదాకా ఆ ఆఫీసులోంచి కదలను. నా ఉద్యోగం పోతుంది, పోనీ. నీకూ మాట పడుతుంది. పడనీ తల్లీ, మనం పడాల్సిందే. ఎండాకాలం, ఏసీ వేసుకుని, సైబరాబాద్ ట్రాఫిక్‌లో కిలోకు తొంభై ఒకటి. అది చెడ్డ అంకె కాదు. ఆ రోజు దానికి సిగ్గుపడ్డాను చూడు, అందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

అమ్మకు ఇంకా చెప్పలేదు. ఈ కాగితం మడిచే లోపు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
కిలోకు తొంభై ఒకటి తెచ్చిన
మీ నాన్న,
ఓబులేసు