ఏడో షరతు

యలహంక, బెంగళూరు
ఆదివారం

చిరంజీవి సౌభాగ్యవతి చైత్రకు అన్న వెంకటేశప్ప దీవించి రాసే సంగతులు. ఇక్కడ నేనూ, మీ వదినా, పిల్లలూ ఒంటికి ఏ లోటూ లేకుండా ఉన్నాం. ఇంట్లో ఒక మనిషి లేని లోటు నీకు వేరే చెప్పక్కర్లేదు. నీ కాలికట్టు విప్పారని, కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నావని మీ ఆయన ఫోన్ చేసి చెప్పాడు. తొందరపడి మెట్లు మాత్రం ఎక్కొద్దు. సూరత్‌లో మీ ఇంటి మెట్లు ఎంత నిటారుగా ఉంటాయో నేను చూశాను కదా.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఫోన్లో మనం మాట్లాడుకునేదేముంది, నువ్వు రెండు మాటలు అంటావు, నేను ఒకటి అంటాను, ఆపైన ఇద్దరం ముక్కులు చీదుకోవడమే. నువ్వు కాగితం మీద అడిగి మంచి పని చేశావు. నేనూ కాగితం మీదే చెబుతాను.

అమ్మ బాధపడిందా అని అడిగావు. పడలేదు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "కొంచెం పండుకుంటానప్పా" అని గోడవైపు తిరిగింది. పదింటికి మీ వదిన లేపబోతే లేవలేదు. నీ మాట ఎత్తిందా అని అడిగావు. ముందురోజే ఎత్తింది. "చైత్ర కాలు అతుక్కుందంటనా?" అంది. అతుక్కుంటోందని చెప్పాను. నీకని ఆమె నేత చీరలు రెండు మీ వదిన వేరుగా తీసిపెట్టింది. పేచీ పెట్టకుండా తీసుకో.

బిల్డింగు గొడవ తేలిందా అన్నావు. తేలింది. ప్రభుత్వ సాయం మంజూరైంది, పని కోసం ముందువైపు పరంజా కర్రలు కూడా కట్టేశారు. ఇది మీ ఆయనకు కూడా చదివి వినిపిస్తావు కనుక మొదట్నుంచీ రాస్తాను.

నగర్తపేటలో పాత ఇంట్లో మన వాటా అమ్ముకుని ఇక్కడికి వచ్చినప్పుడు అమ్మ మురిసిపోయింది ఈ బిల్డింగు ముఖం చూసే. నాలుగంతస్తులూ వెండిరేకు చుట్టినట్టు మెరిసేవి. గోడలకు బిగించిన ఆ షీట్లకు పైన అల్యూమినియం, లోపల నిప్పు తగిలితే కారిపోయే ప్లాస్టిక్ అని మాలో ఎవరికి తెలుసు? ఊళ్ళో ఇంకెక్కడో అలాంటి షీట్లు వేసిన బిల్డింగు కింద అంటుకుని పైదాకా కాలిన తర్వాత, అధికారులు వచ్చి మా గోడ నుంచి ఒక ముక్క కోసుకుపోయారు. పరీక్ష చేయించి గేటుకు ఎర్ర నోటీసు అంటించారు. కట్టినవాడు ఎప్పుడో కంపెనీ మూసేసి మాయమయ్యాడు. ముప్పైరెండు ఇళ్ళవాళ్ళం మిగిలాం. అమ్ముదామంటే కొనేవాడు లేడు. వదిలేసి పోదామంటే ఇంకో ఇల్లు ఎవరికుంది? ఆ సమయంలో, సొంత ఇంట్లో కాపురమున్న వాళ్ళకు షీట్లు పీకించే ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటుందని ప్రకటన వచ్చింది. మాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆ ఫైలు మోసినవాణ్ణి నేనే. దారం కొట్లో ముప్పై ఏళ్ళు బిల్లులు రాసిన చెయ్యి కదా, చేతిరాత గుండ్రంగా ఉంటుందని నన్ను సెక్రటరీని చేశారు. పద్నాలుగు నెలలు తిరిగాను. ఒకసారి కరెంటు బిల్లు మీద పేరు, ఇంటి పత్రం మీద పేరు కలవలేదన్నారు. ఒకసారి నాలుగో అంతస్తు వెంకటరాయప్ప తన ఇల్లు అద్దెకిచ్చి సొంతూళ్ళో ఉంటున్నాడు కనుక ఆ ఇంటికి సాయం రాదన్నారు. ఆ ఖర్చు తనే పెట్టుకుంటానని ఆయనతో సంతకం పెట్టించడానికి నేనే బస్సెక్కి రెండుసార్లు పోయాను. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు కానీ, ఆ ఆఫీసు బెంచీ మీద నేను కూర్చున్న ఓపికకు నాకే ఆశ్చర్యం వేసింది.

సాయం చేతికి వచ్చేదాకా పాటించాల్సిన షరతులని ఒక సర్క్యులర్ ఇచ్చారు. సిలిండర్లు బిల్డింగులో ఉండకూడదు, మెట్ల మీద సామాన్లు పెట్టకూడదు, టపాకాయలు కాల్చకూడదు, ఇట్లాంటివి. తనిఖీలో ఏది తప్పినా ఫైలు వెనక్కి పోతుంది. నేను వాటిని కన్నడంలో, తెలుగులో రాసి నోటీసు బోర్డు మీద అంటించాను. బోర్డు మీద ఏడు షరతులు రాశాను. ఏడోది, ఇళ్ళలో దేవుడి దీపాలు, అగరుబత్తీలు, కొవ్వొత్తులు వెలిగించకూడదని.

అందరూ కరెంటు పొయ్యిలకు మారారు. అమ్మ దీపం మానేసింది. పొద్దునే స్నానం చేసి, దేవుడి గూడు ముందు కూర్చుని, చిన్న కరెంటు బల్బు స్విచ్ వేసి, దండం పెట్టుకునేది. మధ్యాహ్నం పూట మాత్రం వత్తులు చేసుకుంటూనే ఉండేది. ఎందుకమ్మా అంటే, గుడికి ఇస్తానని చెప్పేది. ఒక్క మాట విసుక్కోలేదు. పోవడానికి నెల ముందు మాత్రం, "నేను పోయినాకన్నా నా తలకాడ దీపం పెడతావా అప్పా?" అని అడిగింది. "అంతలోకి సాయం వచ్చేస్తాదిలేమ్మా" అన్నాను. నా నోటికి వచ్చిన జవాబు అది.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. అమ్మ దీపం పదకొండు రోజులూ కొండెక్కకుండా ఉందా, నూనె ఎవరు పోశారు అని రాశావు. కొండెక్కలేదు అని ఒక్క ముక్క రాసి పోస్టు చేసేద్దామని మూడుసార్లు కాగితం తీశాను. వెలిగించని దీపం ఎట్లా కొండెక్కుతుంది? నేను వెలిగించలేదు, చైత్రా. అవెన్యూ రోడ్డులో అమ్మే బ్యాటరీ దీపం తెచ్చి, అమ్మ తల పెట్టిన చోట పెట్టాను. మీ వదిన చేతులు పట్టుకుని బతిమాలింది. "పదకొండు దినాలే కదండీ, తలుపు మూసుకుందాం, ఎవరు చూస్తారు?" అంది. రూలు అంటే రూలు అన్నాను. ఆమె ఆ పదకొండు రోజులూ నాతో సరిగా మాట్లాడలేదు.

ముప్పైరెండు ఇళ్ళ కోసం చేశాడని నువ్వు అనుకోవచ్చు. అదే అనుకోనివ్వాలని నాకూ ఉంది. కానీ సర్క్యులర్లో ఉన్నవి ఆరు షరతులే. ఏడోది నేను చేర్చాను.

ఎవరూ అడగలేదు. ఆఫీసులో ఆ రోజు, ఒక బిల్డింగు ఫైలు తనిఖీలో తప్పు దొరికి వెనక్కి పోయిందని విన్నాను. భయం పట్టుకుంది. ఇంటికి వచ్చి బోర్డు రాస్తూ రాస్తూ ఆ వరుస కూడా రాసేశాను. పది రోజులాగి తీసేద్దామనుకున్నాను. అంతలో రెండో అంతస్తు సొన్నమ్మ గుమ్మంలో నిలబడి అగరుబత్తి ఆర్పమని గట్టిగా అరిచాను. మూడో అంతస్తు అభిజిత్ కూతురు పుట్టినరోజున కేకు మీద కొవ్వొత్తులు పీకించాను. అవన్నీ చేశాక, అది నా సొంత పైత్యమని ఎట్లా చెప్పను? అమ్మ పోయిన పొద్దు కూడా చెప్పలేకపోయాను. శవం ముందు నిలబడి పరువు చూసుకున్నాను. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

పోయిన మంగళవారం పని మొదలుపెట్టడానికి ఆఫీసు నుంచి ఇంజినీరమ్మ వచ్చింది. కడప అమ్మాయి. బోర్డు చదివి, "ఏడోది మాది కాదే సార్! ఇంట్లో దీపం పెట్టుకోవద్దని మేమెందుకు చెప్తాం?" అని నవ్వింది. సొన్నమ్మ నా పక్కనే ఉంది. ఆమె మాత్రం తల తిప్పి కూడా చూడలేదు.

సాయంత్రం క్షమాపణ అడుగుదామని సొన్నమ్మ ఇంటికి పోయాను. కూర్చోమని, మజ్జిగ ఇచ్చి, తనే చెప్పింది.

"నాకు అప్పుడే తెలుసప్పా. ఆఫీసు వాళ్ళిచ్చిన కన్నడం కాగితం ఒకటి నా దగ్గరా ఉండాది. ఏడోది దాంట్ల లేదని నీతో జగడమాడేదానికి కిందికి దిగినా. మెట్ల కాడ మీ యమ్మ పట్టుకునింది. కాగితం తీసుకుని రెండు తూర్లు చదివింది. 'సొన్నమ్మా, ఇది మావాడే రాసినట్లుండాడు. నువ్వు అడిగితే పదిమందిలో వాని మాట పోతాది. రేపు సంతకానికి పిలిస్తే ఎవరూ రారు, ఇన్ని ఇండ్ల పని చెడిపోతాది. నేను దీపం మానేస్తా, నువ్వూ మానెయ్. సుమ్నే ఉండు, నోరెత్తొద్దు' అనింది. మీ యమ్మే మానేసినాక నేనేం జగడమాడేదప్పా?"

మనమ్మ కన్నడం బడిలో ఏడో తరగతి దాకా చదువుకుందన్న సంగతి నాకు గుర్తు రాలేదు, చైత్రా. ఇన్ని నెలలూ ఆమెకు తెలుసు. తలకాడ దీపం పెడతావా అని నన్ను అడిగినప్పుడూ తెలుసు. నా అంతట నేను చెబుతానేమోనని అడిగిందో, నిజంగా దీపమే కావాలని అడిగిందో ఇక ఎవర్ని అడగాలి? మజ్జిగ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చేశాను.

నిన్న బోర్డు మీద ఏడోది కొట్టేసి, ఇది నేను చేర్చిన అబద్ధమని కింద రాసి సంతకం పెట్టాను. అందరూ చదివారు. ఒక్కరూ ఏమీ అనలేదు. సాయం తెచ్చిపెట్టిన మనిషని మొహమాటపడ్డారు. అభిజిత్ అయితే చేతులు పట్టుకుని, "మీరు లేకపోతే మేమేమైపోయేవాళ్ళం అంకుల్" అన్నాడు. ఆ మాట నాకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

మాసికం వచ్చే గురువారం. అప్పుడైనా దీపం పెట్టమంటావో, ఆ రోజులు పోయాక ఎందుకంటావో, నువ్వు ఎట్లా చెబితే అట్లా చేస్తాను. అంతకన్నా ముందు ఇంకొకటి అడుగుతున్నాను. ఈ ఉత్తరం చదివాక అన్న అని చూడకు, పెద్దవాడని ఊరుకోకు. నన్ను గట్టిగా తిట్టు. అమ్మ తిట్టకుండానే పోయింది.

ఇట్లు,
నీ పెద్దన్న
వెంకటేశప్ప