నీలమ్మ బడి మానిన సంగతి

నానక్‌రామ్‌గూడ

చిరంజీవి హర్షిణికి నాయిన దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, మెట్లెక్కుతోంది. మన వీధి చివర ఇంకో టవర్ లేస్తోంది. మధ్యాహ్నం మూడింటికే వాకిట్లో నీడ పడుతోంది. హాస్టల్ తిండి సయించడం లేదన్నావు, అమ్మ పచ్చడి పంపుతోంది.

క్లాసు కోసం నువ్వు రాసిన పేజీలు, నాకు పంపిన ప్రశ్నలు అందాయి. ఒక ఇంటి మనుషుల కథ తెలిస్తే సమాజం తెలుస్తుందని మీ మేడం చెప్పిందట. ఎదురుగా అడిగితే నాకు నోరు పెగలదని నీకు తెలుసు. స్టోర్లో రోజూ లెక్కలు రాసే చేయి కనుక కాగితం మీదైతే కొంత నయం.

మీ తాత కౌలుకు చేసేవాడు. నేను రెండో తరగతిలోనే బడి ఎగ్గొట్టి మేకల వెంట పడ్డాను. ఇవి తేలిక జవాబులు.

మా అక్క, మీ నీలమ్మ అత్త, ఆరో తరగతిలో ఎందుకు మానేసిందన్న ప్రశ్న దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. ‘ఆ కాలంలో ఆడపిల్లలను చదివించేవారు కాదు’ అని నువ్వే రాసేశావు. బిడ్డా, మా ఇంట్లో చదివించారు. మా ఊరి బడి లింగమూర్తి సారు ఇంటికి వచ్చి అక్కను పెద్ద బడికి పంపమని అడిగితే, తమ్ముడు తోడు వెళ్తే పంపుతానని మీ తాత ఒప్పుకున్నాడు. పెద్ద బడి పక్క ఊళ్లో. దారంతా బండరాళ్లు. ఆమెకు పన్నెండేళ్లు, నాకు పది. పొద్దున దింపి సాయంత్రం తీసుకొచ్చేవాణ్ణి. నా దోస్తులు “ఏందిరా, అక్క సంచి మోసే కూలీ!” అని ఎక్కిరించేవారు. రెండు నెలలు ఓర్చుకున్నాను. ఒకనాడు, దారిలో పోరగాళ్లు అక్కను ఏడిపిస్తున్నారని మీ తాతకు అబద్ధం చెప్పాను. మర్నాటి నుంచి ఆమె బడికి పోలేదు.

నేను సొంతంగా చదువుకున్నానని గొప్పగా రాశావు. నేను అక్షరాలు కూడబలుక్కున్నది ఆమె వదిలేసిన ఆరో తరగతి వాచకంలోనే.

ఆమెకు చెప్పకుండా నీకు చెప్పడం తప్పనిపించి, ఆదివారం కోకాపేటలో ఆమె వంట చేసే లేడీస్ హాస్టల్‌కు వెళ్లాను. చిక్కుడుకాయలు తుంచుతోంది. అంతా చెప్పాను.

“గిది చెప్పెతందుకు ఆటో ఎక్కి వచ్చినవా? ఆ తొవ్వల నేను గూడ ఉంటి గద తమ్మీ. నన్ను ఎవ్వడేమనలేదని నాకెర్క లేదా?”

“మరి నాయినకు ఎందుకు చెప్పలే?”

“చెప్పిన. ఏడ్సుకుంట చెప్పిన. నీ మాట ఇన్నడు, నా మాట ఇనలే.”

ఆమె చాట నా వైపు జరిపింది.

“ఇగ కూసో. నలభై మంది పిల్లలకు వండాలె, రెండు కాయలు తుంచు.”

తుంచుతూ, నువ్వు రాసిన వాక్యం చెప్పి, మార్చి రాయమననా అని అడిగాను.

“రాయమను. కాలం మీదికి తొయ్యొద్దను. నీ పేరు రాయమను.” ఇంకో కాయ తుంచి, “నాయిన పేరు గూడ” అంది.

నెలాఖరుకు పేజీలు ఇవ్వాలన్నావు కదా, ఆ వాక్యం కొట్టేసి మా పేర్లు రాయి. అబద్ధం నాది. కానీ బడి ఎగ్గొట్టిన నా మాట నమ్మిన మనిషి, బడికి పోతానని ఏడ్చిన పిల్ల మాట ఎందుకు నమ్మలేదో నాకు తెలియదు. మీ మేడంను అడిగి, అది కూడా రాయి.

ఇట్లు,
నీలమ్మ తమ్ముడు, నీ నాయిన
రామచంద్రం